కేళీ బాయి సమీక్ష

ఏడో దోసె పెనం మీద ఉండగా సుమ ఫోన్ వరసగా నాలుగుసార్లు మోగింది. చేతి నిండా పిండి. వేలి కణుపుతో తెరను తోసి చూసింది. హన్మకొండ నుంచి మహేశ్. ఆమె పాటలకు డ్రమ్స్ వాయించేది అతనే. ఒక లింకు పంపి, దాని కింద రాశాడు: "అక్కా, ఇది చదవకు. చదివినంక ఫోన్ చెయ్యి."

సుమ చదివింది. దోసె మాడింది.

"పాటలు పాడేటోళ్లకు ముక్కు పనిచెయ్యదా ఏంది" అంది హాల్లోంచి అత్తగారు సత్తెమ్మ. గొంతులో కోపం లేదు. ఆమెకు కోపం రాదు. మూడేళ్లలో కోడలి మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదని జనగామలోని బంధువులందరికీ చెప్పుకుంటుంది. అది నిజమే. పెళ్లైన వారానికే నవ్వుతూ ఒక మాట చెప్పింది, మా ఇంట్ల నీ పాటకు ఎవలం అడ్డం రాము బిడ్డా, నీ పాట మా పనికి అడ్డం రాకుంటె సాలు అని. ఆ నవ్వును దాటి వెళ్లే దారి సుమకు ఇంతవరకు దొరకలేదు.

ఆమె రెండో ఆల్బమ్ 'రెండో పూట' బయటికి వచ్చి ఆ మంగళవారానికి పదకొండు రోజులు. అప్పటికి మూడు సమీక్షలు వచ్చాయి. ఇంగ్లిష్ పేపరు మూడు వాక్యాల్లో తేల్చేసింది, పెళ్లయ్యాక ఈ అమ్మాయిలో నిప్పు చల్లారిందని. యూట్యూబ్‌లో టోపీ పెట్టుకున్న ఒకాయన ఐదుకు రెండున్నర ఇచ్చి, ఇంటి గోల ఎక్కువ, గిటార్ తక్కువ అన్నాడు. ఒక ప్రొఫెసర్ గారు మొదటి ఆల్బమ్‌లో సమాజం ఉండేది, ఇందులో సంసారమే మిగిలిందని రాసి రెండు వందల లైకులు తెచ్చుకున్నాడు. సంసారం సమాజానికి బయట, ఎక్కడో అడవిలో జరుగుతున్నట్టు.

ఇవన్నీ సుమ మింగింది. మింగడం ఆమెకు కొత్త కాదు. మొదటి ఆల్బమ్ 'ఓపెన్‌కాస్ట్' నాటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. భూపాలపల్లిలో గని పక్క గుడిసెల్లో పెరిగిన లంబాడ పిల్ల, బొగ్గు లారీలకు క్లీనర్‌గా పోయిన జాల్యా కూతురు, గిటార్ పట్టుకుని అరిచింది. జనం విన్నారు. అరవడానికి అప్పుడు ఆమెకు రోజంతా ఉండేది. ఈ రెండో ఆల్బమ్ మాత్రం వాషింగ్ మెషీన్ తిరిగే నలభై రెండు నిమిషాల్లో పుట్టింది. ఆఫీసు నుంచి వచ్చి, బట్టలు వేసి, బాల్కనీ తలుపు మూసి, మెషీన్ చప్పుడు మీద రాగం కట్టి ఫోన్‌లో దాచుకునేది. మూడో పాటలో వినిపించే దడదడ మహేశ్ వాయించింది కాదు. అది ఆ మెషీన్ నీళ్లు పిండే చప్పుడే. ఏ సమీక్షకుడూ దాన్ని పట్టుకోలేదు. వాళ్లలో ఒక్కరికీ ఆ చప్పుడు తెలియదేమోనని ఆమె అనుమానం.

కానీ ఆల్బమ్‌ను తిట్టినవాళ్లు కూడా ఐదో పాట దగ్గర తిట్టడం ఆపారు. ఆ పాట పేరు 'బదులు'. లంబాడ ఆడవాళ్లు చాలాకాలానికి కలిసినప్పుడు ఒకరినొకరు కౌగిలించుకుని, కష్టసుఖాలు రాగం తీసి ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటారు. అత్తగారింటి నుంచి వచ్చిన కూతురిని పట్టుకుని తల్లి పాడే ఢావ్లోకు కూతురు ఇచ్చే జవాబే ఆ పాట. ఐదున్నర నిమిషాలు. మొదటి రెండు నిమిషాల్లో వాద్యం లేదు, ఒట్టి గొంతు. ఆ ఒక్క పాటను చూసే ఆమె ఆల్బమ్‌లు వేసే హైదరాబాద్ మ్యూజిక్ కంపెనీ మూడో ఆల్బమ్‌కు మాట ఇచ్చింది.

మహేశ్ పంపిన నాలుగో సమీక్ష సరిగ్గా ఆ పాట మీదే పడింది. అరుంధతి అనే ఆవిడ నడిపే ఆన్‌లైన్ పత్రికలో వచ్చింది. రాసింది కేళీ బాయి. ఆ పేరు సుమ ఎన్నడూ వినలేదు.

'నేను తండా ఆడబిడ్డను' అని మొదలైంది అది. 'తల్లి ఢావ్లో పాడి ఏడుస్తుంటే మాలో బిడ్డ నోరు విప్పదు. విప్పి బదులు పాడిందంటే అత్తవారింట్లో ఉండలేను, నన్ను తీసుకుపొమ్మని తల్లికి చెప్పినట్టు. అట్లా బదులు పాడిన పిల్ల మొత్తం తండా తలదించుకునేలా చేసినట్టు. మాలో ఐదేళ్ల పిల్లకు తెలిసిన ఈ సంగతి ఈ గాయనికి తెలియదు. బొగ్గు బస్తీలో పెరిగి, పెద్దింటి కోడలై, తనది కాని ఏడుపును గిటార్ మీద పెట్టి అమ్ముతున్నది.'

సుమ దాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. తిట్టినందుకు కాదు. అది నిజమేమోనన్న భయం వల్ల.

ఆ భయానికి కారణం ఉంది. ఆమెకు తండా అంటే ఎండాకాలం సెలవులే. మిగిలిన కాలమంతా భూపాలపల్లి. నాన్న చనిపోయాకే అమ్మ సక్రి, తమ్ముడు ప్రేమ్‌సింగ్ మహబూబాబాద్ దగ్గరి తండాకు తిరిగి వెళ్లారు. ఇంట్లో మాట్లాడే భాష తప్ప ఆచారాల సంగతి ఆమె ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. కేళీ బాయి చెప్పిన కట్టుబాటు ఎక్కడో విన్నట్టే ఉంది. ఏ పెద్దమ్మ చెప్పిందో, ఏ పెళ్లిలో చెవిన పడిందో గుర్తు రాలేదు. కానీ వింది. కచ్చితంగా వింది.

భర్త మిథున్ స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాడు. సాహిత్య సమీక్షలు రాస్తాడు. నాలుగేళ్ల కింద 'ఓపెన్‌కాస్ట్' మీద పెద్ద సమీక్ష రాసింది అతనే. దాన్ని చదివి సుమ అతనికి ఉత్తరం రాసింది. ఏడాదికి రిజిస్టర్ పెళ్లి. 'నా వాక్యం చూసి మా ఆవిడ పడిపోయింది' అని అతను సభల్లో చెబితే జనం నవ్వుతారు. 'రెండో పూట' సాహిత్యం మాత్రం ఆమె విడుదలకు ముందు అతనికి చూపించలేదు. పెళ్లయ్యాక రాసిన మొదటి పాటలను అతను ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చాడు. ఆ పాటలు ఏవీ మళ్లీ ఆమె నోటికి రాలేదు. అందుకే.

సుమ ఫోన్ అతని చేతికిచ్చింది. అతను నిలబడే చదివాడు.

"భాష బాగుంది" అన్నాడు. ఫోన్ తిరిగి ఇస్తూ, "నిన్ను తప్పువడుతలేను గని, రిలీజ్‌కు ముందు ఒక్కసారి నాకు చూపిస్తే ఏమైతుండె? గిసొంటియి ముందే పట్టుకునేటోన్ని."

"నీకెట్ల తెలుస్తుండె?"

అతను తువ్వాలు కుర్చీ మీద వేశాడు. "తెలుసుకునేటోన్ని సుమా. పరిశోధన అంటరు దాన్ని." తర్వాత దోసె అడిగాడు. మాడని వైపు తిన్నాడు.

ఆఫీసుకు చేరేసరికి సమీక్ష ఆమె కంటే ముందే వచ్చి కూర్చుంది. ఆమె అక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్. పై అధికారి దుర్గయ్యకు ఆమె పాటల మీద గౌరవం ఎక్కువ. రిటైర్మెంట్ సభలన్నిటికీ ప్రార్థన గీతం ఆమెతోనే పాడిస్తాడు, ఆ తర్వాత టీ కప్పులు కూడా ఆమెతోనే పంచిపెట్టిస్తాడు. ఆ రోజు ఆయన ఆమె టేబుల్ దగ్గర ఆగి, మీవాళ్లే మిమ్మల్ని తమ మనిషి కాదంటున్నరటగద మేడం, అని తల ఆడించి వెళ్లాడు. పక్క సీటు రాజీ నవ్వు ఆపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకుంది.

సాయంత్రానికి కథ ముదిరింది. లంబాడ యువకుల గ్రూపుల్లో సమీక్ష తిరిగింది. మా ఏడుపు అమ్మకానికి లేదని ఒక సంఘం పోస్టు పెట్టింది. ప్రేమ్‌సింగ్‌కు ఫోన్లు వచ్చాయి. హన్మకొండలో ఒప్పుకున్న కార్యక్రమం వాయిదా పడింది. కంపెనీ నుంచి ప్రణయ్ మాట్లాడాడు. అతని మాట మెత్తగా ఉంటుంది, విషయం మాత్రం గట్టిది. ఆదివారం సాయంత్రంలోగా ఐదో పాటను తీసేసి, తెలియక చేశానని సుమ క్షమాపణ చెప్పాలి. లేకపోతే మూడో ఆల్బమ్ లేదు. ఉన్న రెండు ఆల్బమ్‌లనూ కంపెనీ పక్కన పెట్టేస్తుంది. ఇరవై ఏడేళ్లకు ఆమె పాట ముగుస్తుంది.

సుమ ఏదో అనబోయేలోగా మిథున్ చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. ఆమె తరఫున అతనే మాట్లాడాడు. తప్పకుండా చెబుతుందన్నాడు. రికార్డు చేసిన వీడియో పెడితే కట్ చేశారంటారు, లైవ్‌లో చెబితే నిజాయితీగా ఉంటుందని సలహా కూడా ఇచ్చాడు. చెప్పాల్సింది తనే రాసిస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి, ఆమె తల మీద చెయ్యి వేసి, "నేనున్న గద" అన్నాడు.

ఆ చేతి కింద సుమకు ఏడుపు రాలేదు. కేళీ బాయి చెప్పింది నిజమైతే పాట తీసేయాల్సిందే, అందులో మరో మాట లేదు. తనవాళ్ల కట్టు తెలియకుండా తనవాళ్ల ఏడుపు పాడటం కంటే సిగ్గుమాలిన పని ఉండదు. నిజం కాకపోతే? ఆ ఒక్క సంగతి తేల్చడానికి ఆమె అరుంధతికి ఫోన్ చేసింది. ఆవిడ ఇబ్బంది పడుతూ చెప్పింది, కేళీ బాయిని తను చూడలేదని, మెయిల్‌లోనే పరిచయమని, పేరు బయట పెట్టవద్దని మాట తీసుకుందని. "రాత మాత్రం గొప్పగా ఉందమ్మా, కాదనలేకపోయాను" అంది.

గురువారం సెలవు పెట్టి సుమ తండాకు బయలుదేరింది. పొయ్యేదేదో ఫ్రిజ్‌ల రెండు పూటల కూర వెట్టి పొమ్మని సత్తెమ్మ అంది. పెట్టింది. జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో తండాకు చేరేసరికి పన్నెండు దాటింది.

సక్రి పంచలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమెలు తీస్తోంది. కూతురిని చూసి కొంగుతో చేతులు తుడుచుకుంది. లేవలేదు. కౌగిలించుకోలేదు. రాగం తియ్యలేదు. మూడేళ్లుగా అంతే. సుమ ఎప్పుడు వచ్చినా తింటవా అని అడుగుతుంది, అన్నం పెడుతుంది, పంపుతుంది.

సుమ కూడా కూర్చుని మిరపకాయలు అందుకుంది. ఘాటుకు కళ్లు మండాయి. ఎలా అడగాలో తెలియక అమ్మను తిన్నగానే అడిగింది.

"యాడీ, నా పాట విన్నవా?"

"పిల్లగాడు ఫోన్ల పెట్టిండు."

"ఎట్లుంది?"

సక్రి నాలుగు కాయలకు తొడిమెలు తీసింది. "గిటార్ ఎక్కువైంది" అంది. ఇంకో రెండు తీశాక తల ఎత్తకుండా, "నా ఒక్కదానికి చెప్పేది లోకానికంత చెప్పినవ్. నాకు చెప్పాల్సిననాడు నోరు మూసుకున్నవ్."

తల్లి పక్కన కూర్చుని అన్ని సమీక్షలనూ ఒక్కసారిగా మర్చిపోయింది సుమ. ఇది వచ్చిన వాటిలో ఐదోది, అసలైనది. అయినా వచ్చిన పని గుర్తు చేసుకుని కేళీ బాయి రాసింది తమ భాషలో చెప్పింది. తల్లి ఏడిస్తే బిడ్డ బదులు పాడొద్దటగదా, పాడితే తండాకు తలవంపులటగదా.

సక్రి చేతులు ఆగాయి. "ఎవలు చెప్పిన్రు?"

"ఎవరో. కేళీ బాయి అట. మనోళ్లే."

"ఆమె మనది కాదు." ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అంది. "తల్లి ఏడిస్తే బిడ్డ ఏడ్వద్దని ఏ లంబాడది చెప్తది? ఇద్దరు ఏడిస్తెనే అది ఢావ్లో. ఒక్కతే ఏడిస్తే అది పీనుగు కాడ ఏడుపు. మా అమ్మ పాడె, నేను బదులు ఇస్తి. నాకు నువ్వియ్యలే. అంతే." ఆమె మళ్లీ కాయలు అందుకుంది. "గిట్ల మాట్లాడేటోళ్లను నా ఎరుకల ఎన్నడు సూడలే. ఎక్కడ విన్నవ్ ఇది?"

ఎక్కడ విన్నది?

మిరపకాయ సుమ వేళ్ల మధ్య చితికింది. అప్పుడు గుర్తొచ్చింది, ఎక్కడ విన్నదో. ఆ మాట అన్నది ఏ పెద్దమ్మా కాదు. తనే అంది. తన నోటి నుంచే వింది.

పెళ్లైన నాలుగు నెలలకు మిథున్, సత్తెమ్మ తమ పొలం చూసుకుని, అదే ఊపులో కారులో ఆమెను మొదటిసారి తండాకు తీసుకొచ్చారు. సత్తెమ్మ కారు దిగలేదు. కాళ్లు నొస్తున్నాయంది. సక్రి అంతకు నెల ముందే జనగామ వెళ్లి వియ్యపురాలి ఇల్లు చూసింది. అద్దాల బీరువాలో వరసగా స్టీలు గ్లాసులుంటే ఆమెకు టీ కాగితం కప్పులో ఇచ్చారు. మిగతావాళ్లు స్టీలు గ్లాసుల్లో తాగారు. ఎవరూ ఏమీ అనలేదు. సక్రి కూడా ఏమీ అనకుండా తాగి వచ్చింది. కానీ కారు దిగిన కూతురిని పట్టుకుని రాగం తీసినప్పుడు అదంతా పాటలో పడింది. కాగితం కప్పు పడింది. నిన్ను కూడా అట్లనే చూస్తున్నారా నా తల్లీ, నాకు చెప్పు, అని ఏడ్చింది. కూతురు బదులు పాడాలి. అవును యాడీ అని గానీ, లేదు యాడీ అని గానీ. సుమ నోట మాట రాలేదు. కారు అద్దం సగం దిగి ఉంది. లోపల సత్తెమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆ చూపుకు ముందు తల్లి కట్టిన చీర, తల్లి గొంతు, తల్లి చెమట వాసన, అన్నీ సుమకు సిగ్గయ్యాయి. కట్టెలా నిలబడింది. సక్రి ఒక్కతే పాడి పాడి, చివరికి చేతులు తీసేసింది.

తిరుగు ప్రయాణంలో కారు నడుపుతూ మిథున్ ఆసక్తిగా అడిగాడు. మీ అమ్మ అంతసేపు ఏడ్చింది, నువ్వెందుకు ఏమీ పాడలేదు? ముందు సీట్లో సత్తెమ్మ చెవి ఇటే ఉందనిపించింది. సుమకు అబద్ధం చెప్పక తప్పలేదు. మాలో అంతే, తల్లి ఏడిస్తే బిడ్డ బదులియ్యదు, ఇస్తే అత్తగారింట్ల ఉండలేనని చెప్పినట్టు, తండాకు తలవంపులు. ఆ క్షణంలో అల్లిన మాట. అవునా, భలే ఉందే అన్నాడు మిథున్. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. సుమ కూడా మర్చిపోయింది, మనకు సిగ్గు తెచ్చే అబద్ధాలను మనం మర్చిపోయినట్టే. కారులో సత్తెమ్మ అప్పటికే గురక పెడుతోందన్న సంగతి కూడా ఆమెకు ఇప్పుడే గుర్తొచ్చింది.

అంటే లోకంలో ఆ కట్టు తెలిసిన మనుషులు ఇద్దరే.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని సుమ దాన్ని కాదనడానికి వరంగల్ దాకా ప్రయత్నించింది. అతను ఎవరితోనైనా చెప్పి ఉండొచ్చు. ఏ పుస్తకంలోనో పొరపాటున అలాంటిదే ఉండి ఉండొచ్చు. కాజీపేటలో రైలు ఆగినప్పుడు ఆమె ప్రయత్నం మానుకుంది. ఊహలతో లాభం లేదు. రుజువు కావాలి. దాన్ని ఎలా తెప్పించాలో కూడా తట్టింది.

ఆ సాయంత్రం అత్తమామలు తిని లేచాక అన్నం వడ్డిస్తూ, అమ్మతో మాట్లాడానని మిథున్‌కు చెప్పింది. కేళీ బాయి అన్నది నిజమేనంది. అతని భుజాలు సడలడం ఆమె చూసింది. పప్పు వేస్తూ ఇంకో మాట కలిపింది.

"ఇంకో తప్పు గూడ ఉందట. ఆ కేళీ బాయి ఇంక సూడలే, దేవుడు సల్లగుండ."

"ఏంది?"

"ఆల్బమ్ అట్ట మీద తల్లి చెయ్యి బిడ్డ తల మీద ఉంటది గద. కుడిచెయ్యి. ఢావ్లోల ఎడమచెయ్యే వెట్టాల్నట. కుడిచెయ్యి వెడితే సచ్చిపోయిన బిడ్డకు పెట్టినట్టట."

అలాంటి కట్టు ఏ తండాలోనూ లేదు. మిథున్ ముద్ద నోటి దగ్గర ఒక్క క్షణం ఆపాడు. అయ్యో అన్నాడు. మరి కాస్త పెరుగు వేయించుకున్నాడు.

శనివారం ఆఫీసులో ఉండగా కేళీ బాయి రెండో వ్యాసం వచ్చింది. పేరు 'కుడిచెయ్యి'.

సుమ దాన్ని చివరిదాకా చదివింది. ఎక్కడా తొందర పడలేదు. వాక్యాలు నిజంగానే బాగున్నాయి. తన మొదటి ఆల్బమ్‌ను ఆకాశానికెత్తిన వాక్యాలకూ వీటికీ ఒకటే నడక. మంగళవారమే ఎందుకు గుర్తుపట్టలేదో అర్థం కాలేదు. ఆమెకు ముందుగా కోపం రాలేదు. ఫోన్‌ను టేబుల్ మీద బోర్లా పెట్టింది. తర్వాత పాత మాటలు ఒక్కొక్కటే లేచి వచ్చి తమ అసలు ముఖాలు చూపించాయి. కాలేజీలో నన్ను సుమ గారి భర్త అంటుండ్రు తెలుసా, అని నవ్వుతూ చెప్పిన రోజు. పాట నీదే, కానీ దాన్ని నిలబెట్టేది విమర్శ, అని స్నేహితుల ముందు భుజం తట్టిన రోజు. బిడ్డను కంటే గొంతు ఇంకా బాగయితదట అని అత్తగారి చేత చెప్పించిన రోజు. ఎర్ర పెన్ను తెచ్చి ఇంకోసారి రాయి అన్న రోజు. ఈ మనిషి తన పాటను ప్రేమించాడు, నిజంగానే ప్రేమించాడు, తను చెక్కగలిగినంత వరకు. చెయ్యి దాటిపోయాక దాన్ని చంపడానికి ఒక లంబాడ ఆడదాని పేరు తొడుక్కున్నాడు. తన అబద్ధాన్నే తీసుకుని తన మీదికి తోశాడు.

అక్కడే ఆమెకు ముడి బిగుసుకుంది. దీన్ని బయట పెట్టాలంటే ఆ కట్టు అబద్ధమని చెప్పాలి. అది అబద్ధమని చెప్పాలంటే దాన్ని ఎందుకు అల్లిందో చెప్పాలి. తల్లి తనను పట్టుకుని ఏడుస్తుంటే తనకు సిగ్గేసిందని, అందుకే నోరు మూసుకుందని లోకానికి చెప్పాలి. ఇంకా నలుగురు సమీక్షకులు వస్తారు. ఇంకా పెద్ద మాటలు అంటారు. కంపెనీ ఎలాగూ ఉండకపోవచ్చు. తీసేస్తే పాట పోతుంది. తీయకపోతే, చెబితే, పరువు పోతుంది. మిథున్ ఇదంతా లెక్క వేసే ఉంటాడు. నిజం చెప్పే ధైర్యం ఆమెకు లేదని అతని ధీమా. మూడేళ్లుగా ఆమెను చూసిన ఎవరికైనా ఆ ధీమా ఉంటుంది.

ఆదివారం నాలుగున్నరకు హాలు సర్దారు. మామగారు వెంకట్రాం ఇస్త్రీ చొక్కా వేసుకుని సోఫాలో కూర్చున్నాడు. సత్తెమ్మ కోడలికి పట్టుచీర తీసి పెట్టింది, క్షమాపణకైనా కళగా ఉండాలని. సుమ కట్టుకోలేదు. వేసుకున్న నూలు కుర్తాతోనే వచ్చి కూర్చుంది. స్టాండు కాలు ఊగుతోందని మిథున్ ఫోన్‌ను చేత్తోనే పట్టుకున్నాడు. రాసిన కాగితం ఆమె ఒళ్లో పెట్టాడు.

"కేళీ బాయి ఎవరై ఉంటరంటవ్?" అడిగింది సుమ.

అతను తెర సరి చూసుకుంటున్నాడు. "ఎవరైతేంది? చెప్పింది నిజమా కాదా, అది సూడాలె."

"అవును" అంది సుమ. "అదే సూడాలె."

ఐదింటికి లైవ్ మొదలైంది. చూసేవాళ్ల అంకె వందలు దాటి వేలల్లోకి వెళ్లింది. సుమ కాగితం ఎత్తింది. నమస్కారం, నేను సుమను, నా ఐదో పాట వల్ల మనసు నొచ్చుకున్న అందరికీ, అని మొదటి వాక్యం సగం చదివింది. మిగతాది చదవలేదు. కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. మిథున్ ఫోన్ అంచు మీదుగా ఆమెను చూసి, చదువు అన్నట్టు గడ్డం కదిపాడు.

"ఐదో పాట తియ్యను" అంది సుమ. ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. "మూడేండ్ల కింద మా అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను బదులియ్యలే. మా అత్తమ్మ కారుల నుంచి సూస్తుండె. మా అమ్మ నా అమ్మయినందుకు నాకు సిగ్గయింది. గది నా తప్పు. దానికి మా అమ్మకు మాఫీ అడుగుతున్న. ఇంకెవలకు గాదు."

సోఫాలో సత్తెమ్మ కదిలింది. ఎవరూ ఏమీ అనలేదు. లైవ్‌లో అనలేరు.

"ఎందుకు బదులియ్యలేదని అడిగితే, మా దాంట్ల బిడ్డ బదులియ్యొద్దని ఒక అబద్ధం చెప్పిన. గసొంటి కట్టు మాకు లేదు. తల మీద కుడిచెయ్యి వెట్టొద్దని ఇంకో అబద్ధం మొన్న గురువారం చెప్పిన. కేళీ బాయి రెండూ రాసింది."

సుమ ఫోన్ కెమెరా మీంచి చూపు ఎత్తి, దాన్ని పట్టుకున్న మనిషి కళ్లలోకి చూసింది.

"ఆ రెండు అబద్ధాలు నేను ఒక్క మనిషికే చెప్పిన. ఇప్పుడు ఈ ఫోన్ పట్టుకున్నది ఆయనే."